అక్రోట్ దుంగ పగిలితే నేనేం చేశానంటే

పడగొట్టిన అక్రోట్ చెట్టు దుంగల్ని మూడు వారాలు ఎండలో వదిలేశాను. తప్పంతా అక్కడే. కోయిద్దామనుకునేసరికి రెండు చివర్లా నెర్రెలు. తేమ పక్కల కంటే చివర్ల నుంచే వేగంగా పోతుంది, అవే ముందు కుంచించుకుని చీలుతాయి.

పగిలిన మేర కోసేసి, అదే రోజు కొత్త చివర్లకు మిగిలిపోయిన పెయింటు రెండు పూతలు మందంగా వేశాను. కరిగించిన మైనమైతే ఇంకా మేలు. మెటల్ డిటెక్టర్‌తో వెతికితే ఒక మేకు కూడా దొరికింది, రంపం బతికింది! తర్వాత 2 అంగుళాల పలకలు కోయించాను.

అసలు పని పేర్చడం. నేలకు అడుగున్నర ఎత్తులో, పలకల మధ్య అంగుళం మందం ఎండు బద్దలు, రెండడుగులకొకటి, పై నుంచి కింద దాకా ఒకే వరసలో పెట్టాను. వరస తప్పితే పలక మెలి తిరుగుతుంది. పైన రేకు, దాని మీద బరువు. పక్కలు మూయలేదు, మొదట టార్పాలిన్ చుట్టేసి బూజు తెచ్చుకున్నాను లెండి.

పలక ఆరడానికి అంగుళం మందానికి ఏడాది పడుతుందంటారు. నేను తేమ మీటరునే నమ్మాను. బయట 15 శాతం దగ్గర ఆగింది, ఇంట్లో పెట్టాక 10కి దిగింది. బెరడు పక్కనున్న తెల్లచెక్కలో పురుగు పొడి రాలితే ఆ అంచులు కోసేశాను. చేవ, అంటే లోపలి ముదురు చెక్క, దాని జోలికి పురుగు పోలేదు.