కొత్త గేమ్‌కు తీర్పు రాయడం – 4వ పాఠం: లోపానికి బరువు కట్టడం

గత పాఠం చివర ఒక పని అప్పగించాను. కొత్తగా వచ్చిన గేమ్ ఏదైనా తీసుకుని కనీసం ఐదు గంటలు ఆడమన్నాను. చిరాకు పెట్టిన ప్రతిదాన్నీ ఆ క్షణంలోనే కాగితం మీద రాసుకోమన్నాను. ఆ కాగితం ఇప్పుడు ముందు పెట్టుకోండి. పది పన్నెండు ఫిర్యాదులైనా ఉండాలి. మూడో నాలుగో ఉంటే ఇంకో రెండు గంటలు ఆడి రండి, పాఠం ఎక్కడికీ పోదు.

ఈసారి కొత్త ఫిర్యాదులు వెతకం. ఉన్నవాటిని తూస్తాం.

రివ్యూ అనగానే మన చేతికి అలవాటైన అచ్చు తెలుగు సినిమా రివ్యూది. ప్లస్ పాయింట్లు, మైనస్ పాయింట్లు, సాంకేతిక విభాగం, తీర్పు, చివర ఐదుకు 2.75. గేమ్ గురించి రాసేటప్పుడు కూడా మనసు అటే లాగుతుంది. అందులో చిక్కు ఏమిటంటే, రెండు వరుసల్లో నిలబెట్టగానే అన్నీ ఒకే ఎత్తుకు వస్తాయి. ‘అక్షరాలు చిన్నగా ఉన్నాయి’ అన్నదీ ‘పది గంటల ఆట సేవ్ కాకుండా పోయింది’ అన్నదీ పక్కపక్కనే, ఒక్కో చుక్క పెట్టుకుని కూర్చుంటాయి. చదివేవాళ్లు వాటిని లెక్కపెడతారు. ప్లస్‌లు నాలుగు, మైనస్‌లు ఐదు, కాబట్టి వద్దు. నిజానికి ఒక్క మైనస్ నాలుగు ప్లస్‌లను మింగేయవచ్చు. ఐదు మైనస్‌లు కలిసినా ఒక్క ప్లస్ ముందు నిలవకపోవచ్చు. ఆ తేడా చెప్పగలిగితేనే అది తీర్పు.

ముందు మనది మనం పక్కకు తీయాలి

కాగితంలో ఒక్కో ఫిర్యాదు మీద వేలు పెట్టి అడగండి: ఇది గేమ్‌దా, నాదా?

చాలా ఏళ్ల కిందట నేను ఒక గేమ్ ఆగి ఆగి నడుస్తోందని, చేసినవాళ్లు శ్రద్ధ పెట్టలేదని కోపంగా రాశాను. నెల తర్వాత అదే గేమ్‌ను మా తమ్ముడి కంప్యూటర్‌లో చూస్తే ఎక్కడా ఆగలేదు. నా ల్యాప్‌టాప్ ఫ్యాన్ దుమ్ము పట్టి, వేడెక్కి, వేగం తగ్గించుకుంటోంది. నేను గేమ్ మీద రాసిన మాట నా ఫ్యాన్ గురించినది. ఆ రివ్యూ నమ్మి ఎవరైనా ఆ గేమ్ వదులుకున్నారేమోనని ఇప్పటికీ బాధగా ఉంటుంది. అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ఆగడం, తడబడటం లాంటి ఫిర్యాదు రాయాలంటే ఇంకో యంత్రంలో చూడాలి. వీలు కాకపోతే నా యంత్రం వివరాలు అదే వాక్యంలో రాయాలి. ‘ఆగి ఆగి నడుస్తోంది’ అని ఊరుకోకుండా ‘8 జీబీ ర్యామ్ ఉన్న ఐదేళ్ల ల్యాప్‌టాప్‌లో, గ్రాఫిక్స్ అట్టడుగున పెట్టినా ఆగి ఆగి నడిచింది’ అనాలి. రెండో వాక్యం చదివినవాళ్లు తమ యంత్రంతో పోల్చుకోగలరు.

అభిరుచులు కూడా ‘నాది’ కిందికే వస్తాయి. టర్న్ బేస్డ్ పోరాటం, అంటే వంతులవారీగా దెబ్బలు వేసుకునేది, మీకు పడకపోతే అది గేమ్ తప్పు కాదు. రాయవద్దని అనను. రాసేటప్పుడు మీ పేరు మీద రాయండి.

తీసేస్తే ఏం కూలుతుంది?

ఈ పాఠానికి ఇదే గుండెకాయ, కాస్త నెమ్మదిగా చదవండి.

ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌కు చెందిన టీమ్ చెర్రీ అనే చిన్న బృందం ‘హాలో నైట్: సిల్క్‌సాంగ్’ను 2025 సెప్టెంబర్ 4న విడుదల చేసింది. 2019లో ప్రకటించిన గేమ్ అది. విడుదల గంటలో కొనేవాళ్ల తాకిడికి స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్‌ల దుకాణమే కాసేపు తడబడింది. విమర్శకులకు కూడా ముందుగా కాపీలు ఇవ్వలేదు. అందరూ ఒకేరోజు మొదలుపెట్టారు. దాంతో మొదటి వారంలో విమర్శకుల తీర్పుల కంటే ఆటగాళ్ల ఫిర్యాదులే ముందు వినిపించాయి. వాటిలో రెండు పెద్దవి. మొదటిది, చాలా శత్రువుల దెబ్బకు ఒకటి కాదు, రెండు మాస్కులు పోతాయి. మాస్క్ అంటే ప్రాణం. మనం ఆడించే పాత్ర హార్నెట్ ఐదు మాస్కులతో మొదలవుతుంది కాబట్టి మూడు దెబ్బలకే చావు. రెండోది, చచ్చిపోతే బెంచీ (ఆట సేవ్ అయ్యే చోటు) దగ్గర లేచి బాస్ (దారికి అడ్డు నిలిచే పెద్ద శత్రువు) దాకా మళ్లీ నడవాలి. లాస్ట్ జడ్జ్ అనే బాస్ దగ్గరికి ఆ దారి మరీ దూరం. అంచుల మీద గెంతుతూ, ఎగిరే శత్రువులను తప్పించుకుంటూ పోవాలి.

ప్లస్, మైనస్ వరుసల్లో పెడితే ఈ రెండూ ‘కష్టం ఎక్కువ’ అనే ఒకే మైనస్‌గా కలిసిపోతాయి. విడివిడిగా తూచి చూడండి.

రెండు మాస్కుల దెబ్బను తీసేసి ఒకటి చేశామనుకుందాం. ఏం జరుగుతుంది? 2017లో వచ్చిన ‘హాలో నైట్’లో హీల్ చేసుకుంటే, అంటే పోయిన ప్రాణం తిరిగి తెచ్చుకుంటే, ఒకసారికి ఒక్క మాస్క్ వచ్చేది. సిల్క్‌సాంగ్‌లో శత్రువులను కొడితే చేరే పట్టుదారం నిండాక ఒక్కసారికే మూడు మాస్కులు వస్తాయి, గాలిలో ఉండగా కూడా హీల్ చేసుకోవచ్చు. అంత బలమైన హీలింగ్ ఉన్నచోట దెబ్బకు ఒక్క మాస్కే పోతే ఎంతసేపైనా నిలబడవచ్చు. భయం పోతుంది, దారం ఎప్పుడు వాడాలన్న లెక్కే పోతుంది. అంటే ఆ లోపం తీసేస్తే పోరాటం మొత్తం కూలుతుంది. అది లోపం కాదు, స్తంభం. నచ్చకపోవచ్చు, కానీ ఆ స్తంభం మీద ఏం నిలబడిందో చెప్పి, అప్పుడు నచ్చలేదనండి.

ఇక బాస్ గుమ్మం పక్కనే ఒక బెంచీ పెట్టామనుకుందాం. ఏం కూలుతుంది? బాస్ అదే, దెబ్బలు అవే, నేర్చుకోవాల్సిన కదలికలూ అవే. ఆ దారిలో మొదటిసారి నడిచినప్పుడు కలిగే ఉత్కంఠ నిజమే, కానీ పదిహేనోసారి అది మిగలదు. నడకకు నిమిషం అనుకుంటే ఇరవై చావులకు ఇరవై నిమిషాలు. నా లెక్కలో సిల్క్‌సాంగ్ అసలు లోపం ఇదే. జనం ఎక్కువగా అరిచిన రెండు మాస్కుల సంగతి కంటే దీని బరువు చాలా ఎక్కువ.

బృందం తొలి ప్యాచ్‌లో, అంటే విడుదల తర్వాత ఇచ్చిన సవరణలో, ఏం మార్చిందో చూసినా ఒక పాఠం ఉంది. ఆట ఆరంభంలో వచ్చే మూర్‌వింగ్, సిస్టర్ స్ప్లింటర్ అనే ఇద్దరు బాస్‌లను కాస్త మెత్తబరిచారు, మధ్యలో వచ్చే, డబ్బు కడితేనే దక్కే కొన్ని బెంచీల ధర తగ్గించారు. రెండు మాస్కుల నియమాన్ని మొత్తంగా మార్చలేదు. స్తంభం ఏదో కట్టినవాళ్లకు తెలుసు.

ఇదే ప్రశ్నను ఇంకో గేమ్ మీద వేసి చూద్దాం. ఫ్రాన్స్‌లోని మోంపెలియేకు చెందిన సాండ్‌ఫాల్ ఇంటరాక్టివ్ చేసిన ‘క్లెయిర్ ఆబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33’ 2025 ఏప్రిల్ 24న వచ్చింది. ఆ డిసెంబర్‌లో ది గేమ్ అవార్డ్స్‌లో ఆ ఏటి మేటి గేమ్‌గా నిలిచింది. పెద్ద ప్రపంచానికి మ్యాప్ ఉంది గానీ, ఒక్కో ప్రాంతం లోపలికి వెళ్లాక తెర మూలన దారి చూపే మినీమ్యాప్ లేదు. మ్యాప్ పెడితే ఏం కూలుతుంది? చుట్టూ చూసి దారి గుర్తుపెట్టుకునే సరదా కొంచెం తగ్గుతుంది. అంతకు మించి ఏమీ లేదు. కావాలనుకుంటే ఆపుకునే మ్యాప్ పెట్టి ఉంటే ఎవరికీ నష్టం లేదు. కాబట్టి ఇది లోపమే, కాకపోతే చిన్నది. అదే గేమ్‌లో శత్రువు దెబ్బను సరైన క్షణంలో బటన్ నొక్కి ఆపాల్సిన పద్ధతి ఉంది చూడండి, దాన్ని తీసేస్తే మాత్రం గేమ్ మిగలదు. అది కష్టమని రాసేటప్పుడు, కష్టాన్ని తగ్గించుకునే స్టోరీ స్థాయి కూడా ఉందని అదే వాక్యంలో చెప్పడం న్యాయం.

రేపటి ప్యాచ్‌ను ఇవాళ్టి తూకంలో వేయవద్దు

స్తంభాలు, లోపాలు కాక మూడో రకం ఉంది: పొరపాటున మిగిలిపోయినవి. బగ్‌లు. ‘అప్‌డేట్‌లో సరిచేస్తారులే’ అని వీటి బరువు తగ్గించాలనిపిస్తుంది.

పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ 2020 డిసెంబర్ 10న ‘సైబర్‌పంక్ 2077’ విడుదల చేసింది. విడుదలకు ముందు విమర్శకుల చేతికి వచ్చింది పీసీ కాపీ మాత్రమే. ఆ కాపీ ఆడి చాలామంది ఎంతో మెచ్చుకున్నారు. సోనీ పాత గేమ్ యంత్రం ప్లేస్టేషన్ 4 (పీఎస్4)లో కొన్నవాళ్లకు దక్కింది వేరే అనుభవం. ఆట తడబడటం, మధ్యలో మూసుకుపోవడం. వారం తిరిగేసరికి సోనీ ఆ గేమ్‌ను తన దుకాణం నుంచి తొలగించి డబ్బు వెనక్కిచ్చింది. మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో. 2023 సెప్టెంబర్‌లో వచ్చిన 2.0 అప్‌డేట్‌తో గేమ్ నిజంగానే మారిపోయింది, ఇవాళ అది మంచి గేమ్. కానీ ఆ 2.0 అప్‌డేట్ పీఎస్4కు రాలేదు. ఎవరు ఎక్కువ నష్టపోయారో ఆ మరమ్మతు వాళ్ల దాకా చేరనేలేదు. పాత యంత్రాల మీద ఆడేవాళ్లు మనలో ఎందరో. వాళ్ల కోసం రాసే మనకు ఈ సంగతి ఎప్పుడూ గుర్తుండాలి.

కాబట్టి మీరు ఆడిన రోజున ఉన్నదాన్నే తూచండి, ఆ తేదీ రాయండి. ప్యాచ్ వచ్చాక మళ్లీ ఆడి కొత్త తీర్పు రాయవచ్చు. పాతది చెరపవద్దు, అది ఆ రోజుకు నిజం.

లోపం ఎప్పుడు బయటపడుతుందో కూడా గమనించండి. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి వస్తుంది. మొదటి అరగంటలోనే కనిపించే లోపాన్ని పాఠకుడు తనే చూసి, గేమ్ వెనక్కిచ్చేయగలడు. పన్నెండో గంటలో ఎదురయ్యే లోపం నుంచి అతణ్ని కాపాడేది మీ వాక్యం ఒక్కటే. దానికి ఎక్కువ చోటు ఇవ్వండి.

ఎవరికి లోపం అన్నది ఇంకో సంగతి. సిల్క్‌సాంగ్ వచ్చిన కొత్తలో ప్రపంచమంతా మెచ్చుకుంటుంటే స్టీమ్‌లో చైనీస్ భాషలో రాసిన అభిప్రాయాలు మాత్రం ఎక్కువగా వ్యతిరేకంగా ఉండేవి. కారణం అనువాదం. భాష కృతకంగా ఉందని, అర్థం కావడం లేదని వాళ్లు రాశారు. బృందం ఒప్పుకుని సరిచేస్తామంది. వాళ్లకు ఆ లోపం గేమంత పెద్దది, ఇంగ్లిష్‌లో ఆడినవాళ్లకు అసలు లేనేలేదు. తెలుగువాళ్లం దాదాపు ప్రతి గేమ్‌నూ ఇంగ్లిష్‌లోనే ఆడతాం. అందుకే అందులో ఇంగ్లిష్ ఎంత చదవాలో, ఎంత కష్టంగా ఉంటుందో చెప్పే బాధ్యత మనదే. ఇంగ్లిష్ పత్రికల్లో ఆ వాక్యం మీకు దొరకదు.

బరువు వాక్యంలో ఎక్కడ పడుతుంది?

తూచడం అయింది. ఇక రాయడం. ఈ రెండూ చదవండి.

‘బాస్ పోరాటాలు అద్భుతంగా ఉన్నాయి కానీ చచ్చిన ప్రతిసారీ చాలా దూరం నడవాలి.’

‘చచ్చిన ప్రతిసారీ చాలా దూరం నడవాల్సి వచ్చినా బాస్ పోరాటాలు అద్భుతంగా ఉన్నాయి.’

సమాచారం ఒకటే. మొదటిది చదివినవాళ్లు పర్సు మూస్తారు, రెండోది చదివినవాళ్లు తెరుస్తారు. తెలుగు వాక్యంలో బరువు చివరి క్రియ మీద పడుతుంది. ‘కానీ’ తర్వాత వచ్చేది గెలుస్తుంది, ‘అయినా’కు ముందున్నది ఓడుతుంది. తూకంలో ఏది బరువుగా తేలిందో దాన్ని చివర పెట్టండి. అలవాటు కొద్దీ ముందు పొగడ్త, ‘కానీ’, తర్వాత తిట్టు అని రాసుకుంటూ పోతే మీకు తెలియకుండానే ప్రతి గేమ్‌నూ ఓడించేస్తారు.

‘బాగుంది’, ‘బాగానే ఉంది’ అన్నవీ ఒకటి కావు. వంట బాగానే ఉందంటే వండినవాళ్ల ముఖం ఎలా వాడిపోతుందో మనందరికీ తెలుసు. ఆ ‘నే’ను తెలిసి వాడండి. ‘అనిపించింది’ అన్న మాటను కాగితంలో ‘నాది’ అని తేలినవాటికే దాచుకోండి. సేవ్ ఫైలు పోయిందంటే పోయింది, పోయినట్టు అనిపించలేదు కదా.

ఇంతసేపూ తూచిన సిల్క్‌సాంగ్‌కు నేను రాసే తీర్పు ఇది:

‘సిల్క్‌సాంగ్ చాలా కష్టమైన గేమ్, ఆ కష్టంలో ఎక్కువ భాగం లెక్క ప్రకారం పెట్టినదే. దెబ్బకు రెండు మాస్కులు పోయినా, ఒక్కసారికే మూడు తిరిగి తెచ్చే హీలింగ్‌తో అది సరితూగుతుంది. బాస్ దగ్గరికి మళ్లీ మళ్లీ నడిపించడం మాత్రం ఆటకు ఏమీ కలపదు. రాత్రి గంటసేపే తీరిక దొరికేవాళ్లకు అది పెద్ద అడ్డంకి, వాళ్లు ఆగి ఆలోచించుకోవాలి. మిగతావాళ్లకు, నడకలు విసిగించినా, హార్నెట్‌ను కదిలించడంలో ఉన్న హాయి కోసం ఈ గేమ్ తప్పక ఆడాలి.’

ఇందులో ప్లస్‌లు ఎన్నో, మైనస్‌లు ఎన్నో లెక్కపెట్టడానికి కుదరదు. ఏది ఎవరికి ఎంత బరువో తెలుస్తుంది.

అభ్యాసం

మీ కాగితంలో ప్రతి ఫిర్యాదు పక్కన ఒక అక్షరం రాయండి. మీ యంత్రంవీ, మీ అభిరుచివీ ‘నా’. తీసేస్తే గేమ్ కూలేవి ‘స్తం’. తీసేసినా ఏమీ కానివి ‘లో’. బగ్‌లు ‘బ’. ఎటూ తేలనివి ఉంటే వాటి కోసం మళ్లీ ఆడండి, ఊహించి రాయవద్దు.

తర్వాత ‘లో’, ‘బ’ అన్నవాటిలో అన్నిటికంటే బరువైనది ఒక్కటి ఎంచుకోండి, అది ఎన్నో గంటలో ఎదురైందో పక్కన వేయండి. ‘స్తం’ అన్నవాటిలో ఒకటి తీసుకుని దాని మీద ఏం నిలబడిందో ఒక్క వాక్యంలో రాయండి. ఈ రెండూ కలుపుకుని ఐదు వాక్యాల తీర్పు రాయండి. చివరి వాక్యాన్ని ఒకసారి ‘కానీ’తో, ఒకసారి ‘అయినా’తో రాసి, రెండూ పైకి చదివి, మీ తూకానికి సరిపోయేది ఉంచండి. సంఖ్య ఇంకా వేయకండి.

సంఖ్య వచ్చే పాఠంలో. 2010లో వచ్చిన ‘ఫాలౌట్: న్యూ వేగస్’కు, విమర్శకుల మార్కులకు సగటు కట్టే మెటాక్రిటిక్ సైట్‌లో 85 వస్తే చేసినవాళ్లకు బోనస్ ఇస్తామన్నది ఒప్పందం, వచ్చింది 84. అక్కడినుంచి మొదలుపెడదాం.