ఇంట్లోనే ఫోటోల దిద్దుబాటు – 2వ పాఠం: తక్కువ ఖర్చులో కంప్యూటర్ ఎంపిక

పోయిన పాఠం చివర మూడు సంగతులు రాసి పెట్టుకోమన్నాను: మీ కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లది, మీరు తీసేది జేపెగ్‌లోనా, కెమెరా పట్టిన సమాచారాన్ని దిద్దకుండా దాచే రా ఫైళ్లలోనా, ఒక వేడుకకు సుమారుగా ఎన్ని ఫోటోలు వస్తాయి. ఆ కాగితం తీసి పక్కన పెట్టుకోండి. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు మన పాఠకుల్లో చాలామంది పెళ్లి ఫోటోలతోనే ఈ పని మొదలుపెడతారు కాబట్టి ఒక పెళ్లినే ఉదాహరణగా తీసుకుందాం. 24 మెగాపిక్సెళ్ల కెమెరా, రా ఫైళ్లు, 1500 ఫోటోలు. చేతిలో ఉన్నది 40 వేల రూపాయలు.

దుకాణానికి వెళ్తే ముందు ప్రాసెసర్ గురించి చెబుతారు, తర్వాత గ్రాఫిక్స్ కార్డు గురించి. మానిటర్ మాట చివర్లో వస్తుంది, అదీ ఎన్ని అంగుళాలన్న వరకే. ఫోటోల పనికి ఈ వరుసను తిరగేయాలి. ముందు మానిటర్, తర్వాత ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే వేగమైన డిస్కు), ర్యామ్ (తెరిచిన ఫైళ్లు పనిచేసేటప్పుడు ఉండే చోటు), ఆ తర్వాతే ప్రాసెసర్. కంప్యూటర్ నెమ్మదిగా నడిస్తే మీ సమయం పోతుంది, అంతే. మానిటర్ అబద్ధం చెబితే మాత్రం మీరు చేసిన పనంతా తప్పవుతుంది, ఆ తప్పు ఆల్బమ్ అచ్చై వచ్చేదాకా కనబడదు.

అది ఎలా జరుగుతుందో చూడండి. తక్కువ ధర ల్యాప్‌టాప్‌ల వివరాల్లో ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని ఉంటుంది; తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే పాత కొలత అది. అంటే, ఫోటోలకు మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ అనే శ్రేణి రంగుల్లో మూడింట రెండొంతులకు మించి ఆ తెర చూపలేదు. ముఖ్యంగా ఎరుపులు వెలిసిపోయినట్టుంటాయి. పెళ్లికూతురి కుంకుమరంగు పట్టుచీర చప్పగా కనిపించి, మీరు రంగు గాఢత పెంచుతారు. తెర మీద ముచ్చటగా ఉంటుంది. ల్యాబు నుంచి ఆల్బమ్ వచ్చాక చీర కుచ్చిళ్ల మడతలన్నీ కలిసిపోయి ఒకే ఎర్రటి ముద్దలా కనబడతాయి. పసుపు రాసిన ముఖం నారింజ రంగుకు తిరుగుతుంది. ల్యాబువాళ్లను తప్పుపట్టి లాభం లేదు, వాళ్లు మీరు పంపిన రంగునే అచ్చు వేశారు.

అందుకే మానిటర్ కొనేటప్పుడు రెండు మాటలు అడగండి: ఐపీఎస్ ప్యానెలేనా (పక్క నుంచి చూసినా రంగులు పెద్దగా మారని తెర), ఎస్‌ఆర్‌జీబీ ఎంత శాతం. 95 శాతానికి పైన ఉన్నది కావాలి. వివరాల్లో ఎన్‌టీఎస్‌సీ లెక్క మాత్రమే ఉంటే 72 శాతం చూసుకోండి, దాదాపు అంతే అవుతుంది. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్లలో ఈ లక్షణాలున్నవి మన 40 వేలలో సులువుగా ఇముడుతాయి.

అట్ట మీది అంకెలతో సరిపెట్టుకోవద్దు. మీ ఇంట్లో బాగా వచ్చిన ఒక ఆల్బమ్ ఫోటో ఉంటుంది కదా, దాని ప్రింటు, దాని అసలు ఫైలు రెండూ దుకాణానికి తీసుకెళ్లండి. ఫైలును పూర్తి తెరలో తెరిచి, ప్రింటును మంచి వెలుతురులో పట్టుకుని పక్కపక్కన చూడండి. చీర అంచు, చర్మం రంగు, జడలో పూల తెలుపు, ఈ మూడు చోట్ల చూపు నిలపండి. ప్రింటు కాగితం స్వయంగా వెలగదు కాబట్టి రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు, రంగుల మధ్య తేడాలు మాత్రం ఒకేలా ఉండాలి. తర్వాత కుర్చీలోంచి లేచి ఒక పక్కకు జరిగి చూడండి. నల్లజుట్టు బూడిదరంగుకు మారినా, ముఖం రంగు తిరిగినా అది పాతరకం టీఎన్ లాంటి, ఐపీఎస్ కాని ప్యానెల్ కావచ్చు. ఎంత తగ్గించి ఇస్తామన్నా వద్దనండి.

ర్యామ్ సంగతి లెక్కతోనే తేలిపోతుంది. 24 మెగాపిక్సెళ్ల ఫోటోను 16 బిట్లలో తెరిస్తే, ఒక్కో పిక్సెల్‌కు మూడు రంగులు, రంగుకు రెండు బైట్లు, మొత్తం 144 ఎంబీ. అది ఒక్క పొరకే (దిద్దుబాట్లు విడివిడిగా ఉంచుకునేందుకు ఒకదానిపై ఒకటి పరిచే లేయర్). అయిదు పొరలు వేస్తే 720 ఎంబీ. వెనక్కి వెళ్లేందుకు దాచుకునే దశలు వేరే. విండోస్, బ్రౌజర్ తమ వాటా తాము తీసుకుంటాయి. 8 జీబీతో పని మొదలుపెట్టవచ్చు గాని సాఫీగా సాగాలంటే 16 జీబీ ఉండాలి. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే నడిపేవారు ఒకే 16 బదులు రెండు 8 జీబీ ముక్కలు వేయించుకుంటే వేగం పెరుగుతుంది.

నిల్వ కూడా అంతే. ఒక్కో రా ఫైలు 30 ఎంబీ అనుకుంటే మన పెళ్లి 45 జీబీ. విండోస్‌కూ, ప్రస్తుతం నడుస్తున్న పనికీ 512 జీబీ ఎస్‌ఎస్‌డీ చాలు. పూర్తయిన పెళ్లిళ్లు హార్డ్‌డిస్కులోకి పోవాలి. ఇంకో ప్రతి వేరే ఇంట్లో ఉండాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను ఎలా ముంచిందో చూసినవాళ్లం, రెండు ప్రతులనూ ఒకే బీరువాలో దాచుకుంటే ఎలా?

ఇక ప్రాసెసర్. 40 వేలలో కొత్త ల్యాప్‌టాప్ కంటే, కంపెనీలు వాడి అమ్మేసిన ఆఫీసు డెస్క్‌టాప్ తీసుకుని, మిగిలిన డబ్బు మానిటర్ మీద పెట్టడమే నేను గట్టిగా చెప్పే సలహా. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలీట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ అనే పేర్లతో ఇవి దొరుకుతాయి. ఇక్కడ ఒక్క జాగ్రత్త. ‘ఐ7’ అన్న మాట విని మురిసిపోకండి. దాని తర్వాతి అంకె చూడండి. ఐ7-4770 నాలుగో తరానిది, నాలుగు కోర్లు (ఒకేసారి పనిచేసే భాగాలు). ఐ5-8500 ఎనిమిదో తరానిది, ఆరు కోర్లు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి చూసుకోవాలి. పాత మానిటర్‌ను ఉచితంగా కలిపి ఇస్తామంటే దాని బదులు ధర తగ్గించమని అడగండి.

అమ్మేవాడి మాట సరిచూసుకోవడానికి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ విభాగంలో ప్రాసెసర్ పూర్తి పేరు, ర్యామ్ ఎంత, ర్యామ్ ముక్కలు పెట్టే స్లాట్లు ఎన్ని నిండాయి, డిస్కు ఎస్‌ఎస్‌డీనా కాదా, అన్నీ కనిపిస్తాయి. జీఎస్టీ బిల్లు, వారంటీ కాగితం తీసుకోకుండా దుకాణం దాటవద్దు.

గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడు అక్కర్లేదు. ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లు డార్క్‌టేబుల్, గింప్ రెండూ ఉచితమే, కార్డు లేకుండానే నడుస్తాయి. తక్కువ వెలుతురులో తీసిన ఫోటోలో కనబడే చుక్కలను (నాయిస్) కృత్రిమ మేధతో తుడిచే పనులకు మాత్రం కార్డు లేకపోతే ఒక్కో ఫోటోకు నిమిషాలు పడుతుంది. చిన్న పెట్టె డెస్క్‌టాప్‌లలో పెద్ద కార్డులు పట్టవని గుర్తుంచుకోండి. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ తప్పనిసరి. ఫైలు రాస్తుండగా కరెంటు పోతే ఆ ఫైలు పాడైపోవచ్చు.

వచ్చే పాఠంలోగా చేయాల్సిన పని: పెన్‌డ్రైవ్‌లో మీకు నచ్చిన ప్రింటు తాలూకు ఫైలు పెట్టుకుని, కనీసం రెండు దుకాణాల్లో మానిటర్లు చూసి రండి. కొనవద్దు, చూడండి చాలు. ప్రతి మానిటర్ పేరు, ఎస్‌ఆర్‌జీబీ శాతం, చీర ఎరుపు ప్రింటుతో ఎంతవరకు కలిసిందో రాసుకోండి. తెర వెలుతురు ఎంత పెట్టాలి, ఆల్బమ్ ఎందుకు నల్లగా వస్తుంది అన్నది 3వ పాఠం.