పాత రైలు ఫోటో తీసిన చోటును కొండ గుర్తులతో కనిపెట్టడం ఎలా?

తిరుపతి నుంచి చంద్రగిరి మీదుగా పాకాలకు, అక్కడి నుంచి చిత్తూరు, కాట్పాడిల వైపు సాగే రైలు మార్గం 1890ల తొలినాళ్లలో మీటర్ గేజ్ (పట్టాల మధ్య దూరం తక్కువగా ఉండే) మార్గంగా మొదలై, సుమారు నూరేళ్ల పాటు అలాగే నడిచింది. అందుకే ఈ ప్రాంతంలోని ఎన్నో ఇళ్లలో, పెళ్లి ఫోటోల మధ్య, వెనుక కొండ, ముందు బొగ్గు ఇంజన్ లేదా చిన్న స్టేషను కనిపించే ఫోటో ఒకటైనా ఉంటుంది. ఆ ఫోటో తీసినవారు నిలబడిన చోటనే మనమూ నిలబడి, అదే దృశ్యాన్ని మళ్లీ తీయడం ఓపికతో ఎవరైనా చేయగలిగిన పని.

ఇందుకు సంక్రాంతి నుంచి శివరాత్రి వరకు ఉన్న కాలం అన్నిటికన్నా అనుకూలమైనది. అప్పటికి ఈశాన్య రుతుపవనాల వానలు వెనకబట్టి, గాలి తేటపడి, నడవడానికి చల్లగా ఉంటుంది. ఈ నెలల్లో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు కాబట్టి, చంద్రగిరి దగ్గర పట్టాలకు ఉత్తరాన ఉన్న శేషాచలం కొండల మీద ఎండ ఏటవాలుగా పడి, ప్రతి మడత, ప్రతి లోయ విడివిడిగా కనిపిస్తాయి. ఎండాకాలపు మధ్యాహ్నం అదే కొండ చదునైన గోడలా ఉంటుంది. పొద్దున్నే బయలుదేరినా, మంచు విడేదాకా కొండ అంచు స్పష్టంగా కనిపించదని గుర్తుంచుకోండి.

మొదట ఇంట్లో కూర్చుని చేయవలసిన పని ఉంది. ఫోటోను ఆల్బమ్ నుంచి బలవంతంగా ఊడదీయకుండా, కిటికీ దగ్గర నేరుగా ఎండ పడని చోట ఉంచి, ఫోనుతో నకలు తీయండి. వెనుక వైపు చూడటానికి వీలైతే స్టూడియో ముద్ర, తేదీ, చేతిరాత ఉన్నాయేమో పరిశీలించండి. ఆపైన, చాలామంది వదిలేసే ఒక పరీక్ష చేయాలి: ఫోటో కుడి ఎడమలు తారుమారయ్యాయా? నెగెటివ్‌ను తిరగేసి ముద్రిస్తే ఇలా జరుగుతుంది. మా మేనమామ చంద్రగిరి పరిసరాల్లో దిగిన ఫోటోను పట్టుకుని నేను రెండు ఉదయాలు తిరిగినా కొండ ఎక్కడా సరిపోలేదు. చివరికి చొక్కా జేబు ఆయనకు కుడి రొమ్ము వైపు ఉందని గమనించి, ఫోటోను అద్దంలో చూసినట్టు తిప్పి చూస్తే, కొండ మీది పల్లం వెంటనే పోల్చుకోగలిగాను. చొక్కా జేబు, చేతి గడియారం, బోర్డు మీది అక్షరాలు ఈ విషయం చెబుతాయి.

తరువాత కాలాన్ని అంచనా వేయాలి. మీటర్ గేజ్‌లో పట్టాల మధ్య దూరం 1000 మిల్లీమీటర్లు, ఇప్పుడున్న బ్రాడ్ గేజ్‌లో 1676. పట్టాల పక్కన మనిషి నిలబడి ఉంటే ఈ తేడా కంటికి తెలుస్తుంది. పైన కరెంటు తీగలు ఉంటే అది ఇటీవలి ఫోటో. పెట్టెల మీద సౌత్ ఇండియన్ రైల్వే అక్షరాలు ఉంటే, ఆ సంస్థ 1951లో సదరన్ రైల్వేలో కలిసింది కాబట్టి, ఫోటో ఆ కాలానిదో, కొత్త అక్షరాలు వేయకముందు తీసినదో అయి ఉంటుంది. నీడలు ఇంకా చక్కగా చెబుతాయి. తిరుపతి అక్షాంశంలో ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మధ్య వరకు మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. కనుక నడిపొద్దున నీడ దక్షిణానికి పడితే ఆ ఫోటో ఆ నెలల్లోనిదే. చలికాలపు ఫోటో అయితే మాత్రమే ఈ నడకలో అదే నీడను కూడా తిరిగి పట్టుకోగలరు.

ఇక అసలు పని. పట్టాలను ఆధారంగా తీసుకోకండి, ఎందుకంటే గేజ్ మార్చినప్పుడు కట్ట ఎత్తు పెరిగి ఉండవచ్చు, మలుపు పక్కకు జరిగి ఉండవచ్చు. కొండ మాత్రం జరగదు. పలుచని పారదర్శక కాగితం మీద కొండ అంచు గీత ఒక్కటే గీసుకుని, అందులో రెండు మూడు పల్లాలకు గుర్తు పెట్టుకోండి. దూరపు కొండ మీరు ఏ ఊరి దరిదాపుల్లో ఉండాలో చెబుతుంది. దగ్గరి గుడి, బావి, రాతి కల్వర్టు, పాత చింతమాను ఏ అడుగు మీద నిలబడాలో చెబుతాయి. పాత ఫోటోలో గుడి గోపురం కొండ పల్లానికి ఎడమవైపు ఉండి, ఇప్పుడు కుడివైపు కనిపిస్తుంటే, మీరు కుడివైపుకు నడవాలి. కొండతో పోల్చితే గోపురం మరీ చిన్నగా కనిపిస్తే గోపురానికి దగ్గరగా వెళ్లాలి. ఫోనులో జూమ్ చేస్తే రెండూ కలిసే పెద్దవవుతాయి గాని వాటి నిష్పత్తి మారదు, కాబట్టి కాళ్లకు పని తప్పదు. ఇలాంటి జతలు రెండు సరిపోయిన చోటు ఒక్కటే ఉంటుంది.

కెమెరా ఎత్తు కూడా చూడాలి. చదునైన నేల మీద దూరంగా, దగ్గరగా నిలబడినవారి తలలు ఒకే వరసలో ఉంటే తీసినవారు కంటి ఎత్తున పట్టుకున్నారు. దూరపువారి తలలు కిందికి దిగినట్టుంటే నడుము దగ్గర పట్టుకుని తీశారు.

గుర్తులు దొరకకపోతే ఊరి పెద్దలను అడగండి. "తాతా, ఈ ఫోటోలో ఉండే చింతమాను యాడుండేది?" అని ఫోటో చేతికిచ్చి, తొందరపెట్టకుండా పక్కన కూర్చోండి. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా (పట్టాల మరమ్మతు పనివారిగా) చేసి రిటైరైనవారు దొరికితే అంతకన్నా మంచి ఆధారం లేదు.

నడక చెరువు కట్టల మీద, ఊళ్ల మధ్య దారుల మీద సాగాలి. చేలలోకి అడుగుపెట్టే ముందు రైతును అడగండి. పట్టాల మీద నడవడం ప్రాణాపాయం. పైగా 1989 రైల్వే చట్టంలోని 147వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు గాని, వెయ్యి రూపాయల వరకు జరిమానా గాని, లేదా రెండూ గాని పడవచ్చు. గేటు దగ్గరే దాటండి. శేషాచలం అడవిలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లవద్దు; అక్కడ చిరుతల సంచారం ఉంది, ఎర్రచందనం కోసం నిఘా ఉంది. ఫోటో తీసినవారు కొండ ఎక్కి తీసినట్టు తోస్తే, ఆ ప్రయత్నం వదిలి మరో ఫోటో ఎంచుకోవడమే సరైనది.

చోటు దొరికాక కాస్త వెడల్పుగానే తీసి, ఇంటికి వచ్చాక పాత ఫోటో అంచులకు సరిపడేలా కత్తిరించండి. కొత్త ప్రింటు వెనుక తేదీ, సమయం, నిలబడిన చోటు పెన్సిలుతో రాసి, రెండింటినీ ఒకే కవరులో ఉంచండి. చింతమాను చోటు చూపించిన తాతకు కూడా ఒక ప్రింటు తీసుకెళ్లి ఇవ్వండి.