ఉల్లి వేరు కొనలో కణవిభజన చూసే ముందు జాగ్రత్తలు

• ఉల్లిగడ్డ అడుగు మాత్రమే నీటికి తగలాలి. నీరు రోజూ మార్చండి, లేకపోతే వేళ్లు కుళ్లుతాయి.

• తెల్లటి లేత వేళ్ల కొనలను ఉదయం పూట కోయండి. 2–3 మి.మీ. చాలు. ఇంకా పైభాగం తీసుకుంటే విభజన ఆగిపోయిన పొడవాటి కణాలే కనిపిస్తాయి.

• ఒక వంతు ఎసిటిక్ ఆమ్లం, మూడు వంతుల ఆల్కహాల్ కలిపిన ద్రావణంలో 24 గంటలు ఉంచాలి. ఆల్కహాల్ దగ్గర మంట వద్దు.

• క్రోమోజోములకు ఎరుపు పట్టించే ఎసిటోకార్మైన్ రంగు వేశాక స్లైడును గోరువెచ్చగా వేడి చేయండి, మరగనివ్వకండి.

• కవర్ స్లిప్‌ను (పైన కప్పే పలుచటి గాజు ముక్కను) బొటనవేలితో నిటారుగా నొక్కండి. అది కాస్త పక్కకు జారినా, వరుసగా నిలిచిన 16 క్రోమోజోములు చెదిరిపోతాయి. ఎంత బాధగా ఉంటుందో!

• అన్నిటికన్నా ముఖ్యం లెక్క. స్లైడు మీద కణాలు చనిపోయి ఉంటాయి కాబట్టి గడియారంతో కొలవలేం. ఒక్కో దశలో ఉన్న కణాల సంఖ్యను బట్టే ఆ దశ పట్టే కాలం తెలుస్తుంది. కణచక్రం, అంటే ఒక విభజన నుంచి మరో విభజన దాకా పట్టే కాలం, 20 గంటలనుకుందాం. 500 కణాల్లో 10 మధ్యస్థ దశలో (క్రోమోజోములు కణం మధ్యలో వరుసగా నిలిచే దశలో) ఉంటే, ఆ దశ 24 నిమిషాలు. అందమైన కణాలనే ఏరుకోకండి. అంతర్దశలో, అంటే ఇంకా విభజన మొదలుకాకుండా, ఉన్నవాటినీ లెక్కలో చేర్చండి.

• ప్రథమ దశ (విభజనలో తొలి దశ) ఎక్కడ మొదలైందో ముందే నిర్ణయించుకోండి, మధ్యలో మార్చకండి.