కాలనీలో ముగ్గుల పోటీ ఎలా పెట్టాలి? ముందు నేల సంగతి చూసుకోండి

ధనుర్మాసం వచ్చిందంటే విశాఖలో ప్రతి కాలనీలోనూ ఎవరో ఒకరు ముగ్గుల పోటీ పెడదామంటారు. ఆ మాట అన్న మర్నాటి నుంచే బ్యానరు, మైకు, షీల్డులు అంటూ చందాల పుస్తకం తిరుగుతుంది. నేల గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. తీరా పోటీ రోజు చూస్తే రోడ్డు మీద ఇసుక, దారికి అడ్డంగా బైకులు, పొడిగా ఎండిపోయిన సిమెంటు. తొమ్మిదిన్నర దాటేసరికి గాలి లేచి సగం ముగ్గు కాలవలోకి పోతుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి వచ్చిన ఆడవాళ్ల కష్టం అలా కొట్టుకుపోవడం నేను చూడలేను. సీతమ్మధార వైపు మా వీధిలో పన్నెండేళ్లుగా ఈ పనులు చూస్తున్నాను. మైకు లేకుండా పోటీ జరిపించాను, బహుమతులు ఆలస్యమైనా జరిపించాను. నేల బాగోలేనప్పుడు మాత్రం ఒక్కసారి కూడా పోటీ సరిగ్గా జరగలేదు.

ఏ ఆదివారం పెట్టాలి?

ధనుర్మాసం డిసెంబర్ 16 ప్రాంతంలో మొదలై భోగితో ముగుస్తుంది. ఈలోపు నాలుగు ఆదివారాలు దొరుకుతాయి. సంక్రాంతికి సరిగ్గా ముందొచ్చే ఆదివారం వద్దు. అప్పటికే సగం కాలనీ శ్రీకాకుళం, విజయనగరం వైపు సొంతూళ్లకు బస్సెక్కి ఉంటుంది. క్రిస్మస్‌కి దగ్గర్లో ఉన్న ఆదివారం కూడా వద్దు. చర్చికి వెళ్లే ఇళ్లవాళ్లు ఆ రోజు రాలేరు, కాలనీ పండగ అన్నాక వాళ్లు లేకుండా చేయకూడదు. మిగిలిన రెండింటిలో మొదటిది పెట్టుకోండి, రెండోది వాన కోసం అట్టే ఉంచండి.

డిసెంబర్‌లో బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టిందంటే మనకు ముసురు తప్పదు. మూడు రోజుల ముందు నుంచి విశాఖ తుపాను హెచ్చరిక కేంద్రం ఇచ్చే సమాచారం చూస్తూ ఉండండి. జల్లులు పడతాయంటే మారుమాట లేకుండా వారం వాయిదా వేయండి. సెల్లార్‌లోకి మార్చేద్దాం అనేవాళ్లు ఉంటారు, ఒప్పుకోకండి. అక్కడ వెలుతురు ఉండదు, నేలంతా బండ్ల ఆయిల్ మరకలే.

టైము విషయంలో నాది ఒకటే మాట. పొద్దున ఆరున్నరకు మొదలవ్వాలి, ఎనిమిదికి చేతులు ఆగాలి, తొమ్మిదిలోపు తీర్పు అయిపోవాలి. మనది సముద్రం పక్క ఊరు. పొద్దున్నే నేల చల్లగా ఉన్నంతసేపు గాలి నేల మీంచి సముద్రం వైపు మెల్లగా పోతుంది. ఎండెక్కి నేల వేడెక్కాక అదే గాలి సముద్రం మీంచి మన మీదికి తిరుగుతుంది, జోరు కూడా పెరుగుతుంది. సాయంత్రం పెడదామంటే ఐదున్నరకే చీకటి పడుతుంది, లైట్ల కింద గీత సరిగా కనపడదు.

సామాను

పెద్దగా ఏమీ అక్కర్లేదు. పూర్ణా మార్కెట్‌లో ముగ్గు బస్తా కొనుక్కోండి, ఒక్కొక్కరికి కిలో చొప్పున లెక్క వేసుకుంటే మిగులుతుంది. అందరికీ ఒకే బస్తాలోంచి ఇవ్వండి. ఈనెల చీపుర్లు రెండు, కొండచీపుర్లు రెండు, బకెట్లు, ఒక పాత పంచె గుడ్డ, సుద్ద పొడి, గట్టి దారం ఉంటే చాలు. రంగులు వాడేవాళ్లకు ముందే చెప్పండి, ఉప్పులో కలిపిన రంగు తేవద్దని. మన గాలిలో చెమ్మ ఎక్కువ. ఉప్పు చెమ్మ పీల్చి అరగంటలో ముద్ద కడుతుంది, పక్కనున్న తెల్ల గీతలోకి రంగు పాకుతుంది. జల్లించిన సన్న ఇసుకలో కలిపిన రంగే తేవాలి.

ఇక నేల

ఈ పని శనివారం సాయంత్రమే మొదలవ్వాలి. ఆదివారం పొద్దున చూద్దాంలే అనుకుంటే అక్కడే పోటీ చెడిపోతుంది.

ముందు నేలను ఎంచుకోండి. అన్నిటికంటే మంచిది కొంచెం పాతబడిన సిమెంటు రోడ్డు, కాలితో రాస్తే లేత గరుకు తగలాలి. కొత్తగా వేసిన నున్నటి సిమెంటు మీద ముగ్గు నిలవదు, జారుతుంది. తారు రోడ్డు మీద తెలుపు బాగా కొట్టొచ్చినట్టు కనపడుతుంది గానీ కంకర సందుల్లోకి పొడి దిగిపోయి ఒకే గీత రెండుసార్లు వేయాల్సి వస్తుంది. ఫుట్‌పాత్ మీద పరిచే గళ్ల రాళ్ల జోలికి పోవద్దు, ప్రతి అతుకు దగ్గరా గీత విరుగుతుంది. టైల్స్ అసలు వద్దు. ఒకసారి ఒక అపార్ట్‌మెంట్‌లో నన్ను తీర్పు చెప్పడానికి పిలిచారు. మెరిసే టైల్స్ మీద పెట్టారు. నీళ్లు చల్లితే ఇంకడానికి చోటు లేదు, చల్లకపోతే ముగ్గు నిలవదు. ఒక చిన్నమ్మాయి రెండు గంటలు కూర్చుని వేసిన తీగల ముగ్గు మెలికల దగ్గర పాలు ఒలికినట్టు కలిసిపోయింది. ఆ పిల్ల మొహం ఇప్పటికీ నాకు గుర్తుంది.

ఊడ్చేటప్పుడు రెండు చీపుర్లూ కావాలి. ముందు ఈనెల చీపురుతో ఇసుక, రాళ్లు, ఎండుటాకులు లాగేయండి. తర్వాత కొండచీపురుతో సన్న దుమ్ము తీయండి. మన ఏజెన్సీ కొండల నుంచి వచ్చే ఆ మెత్తటి చీపురు తీసినట్టు ఇంకేదీ దుమ్ము తీయదు. ఆయిల్ మరక ఉంటే బట్టల పౌడర్ చల్లి బ్రష్‌తో రుద్దాలి. మరక మీద వేసిన ముగ్గు కాసేపటికి పచ్చగా మారిపోతుంది, ఎవరి వంతుకు ఆ చోటు పడిందో వాళ్లకు అన్యాయం. తర్వాత బకెట్లతో కడిగి రాత్రంతా ఆరనివ్వండి. బండ్లన్నీ శనివారం రాత్రే పక్క వీధిలో పెట్టించండి. ఈ పని మగవాళ్లకు అప్పగించండి, సంతోషంగా చేస్తారు.

చెట్ల కింద గళ్లు గీయకండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా వీధిలో పెద్ద చెట్లన్నీ పోయాయి. తర్వాత నాటినవి ఇప్పుడు బాగా ఎదిగాయి, నీడనిస్తున్నాయి, చాలా సంతోషం. కానీ డిసెంబర్‌లో వాటి ఆకులు రాలుతూనే ఉంటాయి, ముగ్గు మీద పడిన ఆకు తీయబోతే గీత కూడా వస్తుంది.

గళ్లు గీయడం. ఒక్కొక్కరికి అయిదడుగుల చదరం ఇవ్వండి, గడికీ గడికీ మధ్య మూడడుగుల దారి వదలండి. ఈ దారి దగ్గర కక్కుర్తి పడితే చీర కుచ్చిళ్లు పక్కవాళ్ల ముగ్గు తుడిచేస్తాయి. దారానికి సుద్ద పొడి రాసి, ఇద్దరు రెండు వైపులా బిగించి పట్టుకుని, మధ్యలో కొంచెం పైకి లాగి వదిలితే తాపీ మేస్త్రి గీసినట్టు తిన్నటి గీత పడుతుంది. ఒక్క విషయం చూసుకోండి. రోడ్డు నడుమ ఎత్తుగా ఉండి రెండు పక్కలా కాలవల వైపు వాలుగా ఉంటుంది. గళ్లు వీధి పొడవునా ఒక్కో పక్క ఒక్కో వరసగానే ఉండాలి. ఒకదాని కింద ఒకటి వచ్చేలా రెండు వరసలు గీస్తే పైగడిలో చల్లిన నీళ్లు కింది గడిలోకి దిగుతాయి.

ఇప్పుడు అసలు కష్టమైన పని, కల్లాపి. ఆదివారం తెల్లవారుజామున ఐదున్నరకు చల్లాలి. బకెట్ నీళ్లకు గుప్పెడు ఆవుపేడ చాలు. చేత్తో బాగా కలిపి పాత పంచెలో వడకట్టండి. వడకట్టకపోతే గడ్డిపరకలు నేలకు అంటుకుని, గీత వాటి మీంచి పోతూ గతుకులు పడుతుంది. పేడ ఎక్కువైతే ఆరాక పొరలా లేచి ముగ్గును కూడా లేపేస్తుంది. పల్చటి కల్లాపి సిమెంటు రంధ్రాల్లోకి దిగి నేలను కొంచెం నల్లగా చేస్తుంది, మిగిలిన దుమ్మును కట్టి పడేస్తుంది. పేడ దొరక్కపోతే మంచినీళ్లే చల్లండి. పేడరంగు రావాలని కల్లాపి పొడి ప్యాకెట్లు కొనకండి, ఆ రంగు చేతులకీ చీరలకీ అంటుకుని వదలదు.

కల్లాపి చల్లాక ఆగాలి. ఈ ఆగడమే ఎవరికీ చేత కావడం లేదు. మైకులో పిలిచేస్తారు, అందరూ పరుగున వచ్చి తడినేల మీద చుక్కలు పెట్టేస్తారు, ఆ చుక్కలు అక్కడికక్కడే కరిగి మచ్చలవుతాయి. లేదా ముఖ్య అతిథి కోసం ఏడున్నర దాకా కూర్చోబెడతారు, ఈలోగా నేల ఎండిపోతుంది.

మా అత్తగారిది భీమిలి. ఆవిడ నేర్పిన పరీక్ష ఒకటి ఉంది, నేను ఇప్పటికీ అదే చేస్తాను. చిటికెడు ముగ్గు తీసి నేల మీద వదలండి. మనసులో పది లెక్కపెట్టండి. ముగ్గు బూడిదరంగుకు తిరిగి నేలలో కలిసిపోతుంటే తడి ఇంకా ఎక్కువ ఉన్నట్టు, పది నిమిషాలు ఆగండి. తెల్లగానే ఉంటే వంగి నోటితో మెల్లగా ఊదండి. లేచిపోతే నేల ఎండిపోయినట్టు. తెల్లగానూ ఉండి, ఊదినా అంచు చెదరకపోతే అదే సమయం, అప్పుడు పిలవండి. మంచు పట్టిన రోజున ఆ సమయం రావడానికి ముప్పావుగంట పడుతుంది, తేటగా ఉన్న రోజున ఇరవై నిమిషాలు చాలు. అందుకని గడియారం చూసి పిలవకండి. వీధికి ఈ చివర, ఆ చివర, నడుమ, మూడు చోట్లా పరీక్ష చేయండి. ఎండ ముందుగా పడే వైపు తొందరగా ఆరుతుంది.

ఎక్కడైనా ఎండిపోతే బకెట్ ఎత్తి కుమ్మరించకండి. వేళ్లు ముంచి చిలకరించి, పిండిన గుడ్డతో ఒత్తండి. ముగ్గు మొదలెట్టాక మాత్రం ఎవరి గడిలోనూ నీటిచుక్క పడకూడదు. పిల్లలు మంచినీళ్ల సీసాలతో తిరగకుండా ఒకరిని కాపలా పెట్టండి.

ఏ ముగ్గు వేయాలి?

చుక్కల ముగ్గే వేయాలి. రంగుల రంగోలీకి వేరే బహుమతి పెట్టండి, రెండూ కలిపి తూచకూడదు. కలిపితే ఎవరు ఎక్కువ రంగులు కొన్నారో వాళ్లే గెలుస్తారు. రంధ్రాల జల్లెడలు, దొర్లించే గొట్టాలు గేటు దగ్గరే పక్కన పెట్టించండి. అమ్మ దగ్గర కూర్చుని చిటికెన వేలు ఆనించి చూపుడువేలు, బొటనవేలు సందులోంచి పొడి వదలడం నేర్చుకున్న పిల్లలు ఇప్పుడు ఎంతమంది ఉన్నారు? నేర్చుకోవడానికి ఏడాదికి ఈ ఒక్క ఆదివారమైనా ఉండాలి.

అందరికీ ఒకే లెక్క ఇవ్వండి. నేనిచ్చేది 15 చుక్కలు, 8 వరకు, సందు చుక్క. నడిమి వరసలో 15, దానికి పైనా కిందా 14, అలా ఒక్కో చుక్క తగ్గుతూ 8 దగ్గర ఆగాలి. మొత్తం 169 చుక్కలు. చుక్కకీ చుక్కకీ నాలుగు వేళ్ల ఎడం పెడితే నడిమి వరస మూడున్నర అడుగులు వస్తుంది, అయిదడుగుల గడిలో చుట్టూ అంచు వేసుకోవడానికి చోటు మిగులుతుంది. ఆ చుక్కలతో పద్మాలు వేస్తారో, మెలికలు వేస్తారో వాళ్లిష్టం. అమ్మా కూతురూ కలిసి వేస్తామంటే వేయనివ్వండి, నాకైతే అలాంటి జంటలే ఎక్కువ రావాలని ఉంటుంది.

తీర్పు

పక్క కాలనీ నుంచి ముగ్గురిని పిలవండి, గళ్లకు నంబర్లే తప్ప పేర్లు ఉండకూడదు. పెద్దవయసు ఆడవాళ్లయితే మంచిది, వాళ్ల కన్ను రంగు మీద పడదు. నడిమి వరస చివరి నుంచి చూస్తే చుక్కలు వంకర పోయాయా, గీత మొదలైన చోటా ముగిసిన చోటా లావు ఒక్కలాగే ఉందా, మెలిక తిరిగేచోట గీత తెగిందా, ఈ మూడు చూస్తే చాలు. బహుమతులు స్టీలు సామాను ఇవ్వండి, వచ్చిన ప్రతివాళ్లకూ చిన్న గిన్నె అయినా ఇవ్వండి.

తర్వాత

తీర్పు అయ్యాక పిల్లల చేత గొబ్బెమ్మలు పెట్టించండి. ఆ వేళకు వీధిలోకి హరిదాసు వస్తే పిల్లల చేతే అక్షయపాత్రలో బియ్యం వేయించండి. ఉడకబెట్టిన తేగలు గంపెడు తెప్పిస్తే టిఫిన్ల ఖర్చు తగ్గుతుంది.

కాస్త డబ్బులు మిగిలితే తప్పెటగుళ్ల బృందాన్ని పిలవండి. ఇది మన ఉత్తరాంధ్ర కళ. గుండె మీద రేకు గుళ్లు కట్టుకుని రెండు చేతులా వాయిస్తూ, కాళ్ల గజ్జెలతో ఎగిరి ఆడతారు. మైకు అక్కర్లేదు, మూడు వీధుల అవతలికి వినపడుతుంది. వాళ్లను ముగ్గులు లేని చివర ఆడించండి, ఎగిరినప్పుడు దుమ్ము లేస్తుంది. పల్లె నుంచి రాత్రే బయల్దేరి వస్తారు. ముందు టిఫిన్ పెట్టి, దారి ఖర్చులూ ఒప్పుకున్న డబ్బులూ ఆట మొదలవకముందే చేతికివ్వండి. ఆట అయ్యాక ట్రెజరర్ కోసం గంటసేపు నిలబెట్టడం చాలా తప్పు.

ముగ్గులు ఆ రోజు తుడవకండి. సాయంత్రం దాకా వీధి రెండు చివర్లా బల్లలు అడ్డం పెట్టండి, పనుల మీద పోయినవాళ్లు తిరిగొచ్చి చూసుకుంటారు. సోమవారం పొద్దున రంగు ఇసుకను మాత్రం చేటలోకి ఎత్తేయండి, కాలవలోకి ఊడిస్తే అక్కడ పేరుకుని వానాకాలం నీళ్లు పోవు. గొబ్బెమ్మలు, పూలు తడిచెత్తలో వేసి నగరపాలక సంస్థ (జీవీఎంసీ) చెత్తబండికి ఇవ్వండి. మిగిలిన ముగ్గు మూట కట్టి పొడి చోట దాచండి, భోగినాడు వాకిళ్లకు పనికొస్తుంది.