హాస్యనటన నేర్చుకుందాం – 5వ పాఠం: మేకపోతు గాంభీర్యం

గత పాఠంలో నడక సాధన చేశారు. ఈసారి కంగారు.

కొత్తగా నటించేవాళ్లకు ఇది తేలికైన పనే అనిపిస్తుంది. చేతులు వణికిస్తారు, కళ్లు పెద్దవి చేస్తారు, మాట తడబడనిస్తారు. ప్రేక్షకులు ఒకసారి నవ్వి ఊరుకుంటారు. అమెరికన్ టీవీ హాస్యనటుడు డాన్ నాట్స్ దారి వేరు. ఆయన పాత్రకు లోపల గుండె దడదడలాడుతూనే ఉంటుంది. కానీ దాని శ్రమంతా ఆ దడ పైకి కనిపించకుండా చూసుకోవడంలోనే. మనకు నవ్వొచ్చేది ఆ శ్రమను చూసి.

నాట్స్ 1924లో వెస్ట్ వర్జీనియాలోని మోర్గన్‌టౌన్‌లో పుట్టారు. కుర్రతనంలో మాట్లాడే బొమ్మతో ప్రదర్శనలిచ్చారు, రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికుల వినోద బృందంలో పనిచేశారు. 1950లలో స్టీవ్ ఆలెన్ షోలో, వీధిలో విలేకరి ఆపి ప్రశ్నలడిగితే వణికిపోయే మనిషిగా పేరు తెచ్చుకున్నారు. "కంగారుగా ఉందా?" అంటే ఠక్కున "లేదు!" అంటాడా మనిషి. ఆ ఒక్క జవాబులో ఈ పాఠమంతా ఉంది.

న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే రంగస్థలంపై ఒక నాటకంలో తనతో నటించిన ఆండీ గ్రిఫిత్ కొత్త సీరియల్‌లో షెరీఫ్ (పోలీసు అధికారి) వేషం కడుతున్నాడని తెలిసి, నీకో డిప్యూటీ (సహాయకుడు) ఉంటే బాగుంటుందని నాట్సే ఫోన్ చేశారు. అలా 1960లో బార్నీ ఫైఫ్ పుట్టాడు. ఈ డిప్యూటీ చేతిలో తుపాకీ పేలకూడనప్పుడు పేలుతుంది. అందుకే షెరీఫ్ ఒక్క తూటానే ఇచ్చి, దాన్నీ చొక్కా జేబులో పెట్టుకోమంటాడు. బార్నీ ఆ జేబు తడిమే తీరు చూడండి. ముఖంలో సేనాధిపతి ఠీవి, వేళ్లలో గాభరా. రెండూ ఒకేసారి ఉండాలి. సాధనలో మనవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే: వేళ్లు వణికితే ముఖమూ బెదిరిపోతుంది.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన సన్నివేశం. అమెరికా రాజ్యాంగ పీఠిక బళ్లో నేర్చుకున్నాను, ఇప్పటికీ కంఠతా వచ్చంటాడు బార్నీ. షెరీఫ్ ఆండీ పుస్తకం పట్టుకుంటాడు. మొదటి మాట నుంచే అందించాల్సి వస్తుంది. అందిన ప్రతి మాటనూ బార్నీ తనకే గుర్తొచ్చినట్టు పలుకుతాడు. సీరియల్ మొదట్లో గ్రిఫిత్ తానే నవ్వించాలనుకున్నారు. నాట్స్ పక్కన తాను నిదానంగా ఉంటేనే సన్నివేశం పండుతుందని తొందరగానే గ్రహించి తగ్గారు. ఈ తగ్గడం కూడా పెద్ద విద్యే. మనం దీన్ని సరిగా నేర్పడం లేదని నా బాధ. బార్నీ పాత్రకు నాట్స్‌కు ఐదు ఎమ్మీలు (అమెరికన్ టీవీ అవార్డులు) వచ్చాయి. అందులో రెండు, 1965లో సీరియల్ వదిలాక అతిథిగా వచ్చి చేసిన ఎపిసోడ్లకు.

మీ అభ్యాసం. చిన్నప్పుడు నేర్చుకుని సగం మరిచిపోయిన పద్యం ఒకటి తీసుకోండి. పుస్తకం తోటినటుడికివ్వండి. "నాకు పూర్తిగా వచ్చు" అని గట్టిగా చెప్పి మొదలుపెట్టండి. మాట ఆగినచోట నేల చూపులు చూడకండి, గడ్డం పైకెత్తండి. అందిన మాటను వెంటనే లాక్కోకండి, ఒక్క క్షణం ఆగి తలూపి పలకండి. అందించేవాళ్లు నవ్వకూడదు, తొందరపెట్టకూడదు. వంతులు మార్చుకుని మళ్లీ చేయండి.

వచ్చే పాఠంలో 1979లో 'త్రీస్ కంపెనీ' సీరియల్‌లో నాట్స్ వేసిన అపార్ట్‌మెంట్ మేనేజర్ రాల్ఫ్ ఫర్లీని చూద్దాం. అక్కడ ఈ బింకాన్ని దుస్తులు ఎలా మోశాయో గమనిద్దాం.