మందు గురించి తాగకముందే తర్కించుకోవడం ఎలా

మద్యం మంచిదా చెడ్డదా అనే చర్చ మన హైదరాబాదులో సాధారణంగా రెండో పెగ్గు తరువాత మొదలై, బిల్లు ఎవరు కట్టాలన్న దగ్గర ముగుస్తుంది. దీన్ని నిజంగా తేల్చుకోదలచిన నలుగురు మిత్రులు సాయంత్రం ఆరింటికి ఏదైనా ఇరానీ హోటల్‌లో, చాయ్ ముందు పెట్టుకుని కూర్చోవాలి. వారిలో తాగని మనిషి ఒకరైనా ఉండాలి.

'తాగుడు తప్పా?' అని మొదలుపెట్టకూడదు. బోనాల నాడు అమ్మవారికి కల్లు సాక పోసే ఇంట్లో పెరిగినవారూ, సీసా గడప దాటకూడదనే ఇంట్లో పెరిగినవారూ ఆ ప్రశ్నకు తమ ఇంటి అలవాటునే జవాబుగా చెప్తారు. దానికి బదులు ఒక సంఘటన తీసుకోవాలి. శనివారం రాత్రి పోలీసు తనిఖీలో బండి ఆపిన కుర్రవాడు, గొట్టంలో ఊదే ముందు, 'ఒక్క బీరే సార్, బాగానే ఉన్నాను' అంటాడు. అతడు అబద్ధమాడుతూ ఉండకపోవచ్చు. బాగానే ఉన్నానని అతడికి నిజంగానే అనిపిస్తూ ఉండవచ్చు. అయితే ఆ మాట చెప్తున్నది బీరు తాగిన మనసే కనుక, దాని సాక్ష్యం ఎంతవరకు చెల్లుతుంది? మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ఈ చిక్కులోకి దిగకుండా, 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటిందా లేదా అని చూస్తుంది. పోలీసుకు అది చాలు, మన చర్చకు చాలదు.

ఇక్కడ అసలు ప్రశ్న వేయాలి: మత్తులో చేసిన పని ఎవరిది? తాగి నేరం చేసినవాడికి రెట్టింపు శిక్ష వేసే చట్టాన్ని అరిస్టాటిల్ ప్రస్తావిస్తూ, తాగకుండా ఉండడం వాడి చేతిలోనే ఉంది కాబట్టి, ఒళ్లు తెలియకపోవడానికి కూడా వాడే కారకుడని వాదించాడు. మన ఆదిపర్వంలో శుక్రాచార్యుడు, రాక్షసులు తన శిష్యుడు కచుడిని చంపి, ఆ బూడిద కలిపి ఇచ్చిన సురను తెలియక తాగి, నిజం తెలిశాక సురాపానం మహాపాపమని కట్టడి చేశాడు. ఈ కథ ఒకరు చెప్పాక మరొకరు అడగాలి: ఆ కట్టడితో గురువు తన తప్పు ఒప్పుకున్నట్టా, సుర మీదికి నెట్టినట్టా? నా మట్టుకు సగం నెట్టాడనే అనిపిస్తుంది. 'నేను కాదురా, మందు మాట్లాడించింది' అని తెల్లారి మనం చెప్పే మాట కూడా ఆ కోవలోనిదే.

ఆ మాట అనేవారికి ఒక చిన్న పరీక్ష పెట్టవచ్చు. రాత్రి మత్తులో మిత్రుణ్ణి తిట్టి, ఆ వెంటనే వాడి అప్పు మాఫీ చేశాననుకోండి. తెల్లారి తిట్టును మందు ఖాతాలో వేసి, మాఫీని మాత్రం నా పెద్దమనసుకు జమ చేసుకుంటే లెక్క కుదరదు. రెండూ నావి కావాలి, లేదా రెండూ కాకపోవాలి. ఈ పరీక్ష దగ్గర తొందరపడకుండా, రెండో చాయ్ కూడా తెప్పించుకోవాలి.

'నా డబ్బు, నా ఒళ్లు, నా ఇష్టం' అనే వాదం ఎవరో ఒకరు తప్పక తెస్తారు. 1859లో ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ మద్యనిషేధాన్ని వ్యతిరేకించినా, తాగుడు వల్ల ఆలుబిడ్డల పోషణ వదిలేసినవాడిది సొంత వ్యవహారం కాదని ఒప్పుకున్నాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీదికి వెళ్లింది తమ ఇంటి కూలి డబ్బు అందులో పోతున్నందుకే. ఆ పోరాటం తరువాత 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి; రెండోది 1997లో సడలిపోయింది. ప్రభుత్వ ఆదాయం సంగతి ఎత్తితే చర్చ దారి తప్పుతుంది, ఎత్తవద్దు.

లేచే ముందు ప్రతి ఒక్కరూ తమ హద్దు ఎన్ని గ్లాసులో, ఆ రాత్రి బండి తాళం ఎవరి దగ్గర ఉండాలో ఒక చీటీ మీద రాసి, తాగని మిత్రుడికి ఇవ్వాలి. ఆరింటి మనిషి పదకొండింటి మనిషి మీద పెత్తనం చేయడం న్యాయమేనా అని అడిగేవారు ఉంటారు. అది మంచి ప్రశ్నే, మరో సాయంత్రానికి అట్టిపెట్టుకోవచ్చు. పదకొండింటికి చీటీకీ నోటిమాటకూ పేచీ వస్తే మాత్రం తాళం చీటీలో పేరున్నవారి దగ్గరే ఉండాలి.